మా వంటింటి గోడకి పసుపు నూనె పరీక్ష పెట్టి కొన్న టైల్స్: ఆరు నెలల తర్వాత రివ్యూ

మాది విశాఖపట్నం సీతమ్మధారలో మూడో అంతస్తు ఫ్లాటు, 2004లో కట్టింది. అప్పటి ఫ్యాషన్ ప్రకారం వంటగట్టు మీద రెండడుగుల ఎత్తు తెల్ల టైల్స్, 8 బై 12 అంగుళాలవి, మధ్యలో ద్రాక్షగుత్తుల బోర్డరు, అక్కడక్కడా పొగలు కక్కుతున్న కాఫీ కప్పు బొమ్మ. ఇరవై ఏళ్ళు ఆ కప్పుని చూస్తూనే కాఫీ పెట్టుకున్నాను కాబట్టి దాని మీద నాకేం కోపం లేదు, కోపమంతా టైలుకీ టైలుకీ మధ్య సందుల మీదే. వైట్ సిమెంటు పెట్టిన సందులు మొదట పసుపు, తర్వాత గోధుమ రంగు, స్టవ్ వెనకైతే పూర్తిగా నలుపు. టైలు మీద జిడ్డు గుడ్డకి వచ్చేస్తుంది, సందులోది చావదు, ప్రతి పండక్కీ పాత టూత్‌బ్రష్ పట్టుకుని గట్టెక్కి కూర్చోడం, మోకాళ్ళు పట్టేయడం, మళ్ళీ వారానికి అదే నలుపు. మార్చిలో మొత్తం తీయించి కొత్తవి వేయించాం, ఇప్పుడు దసరా, వానాకాలం కూడా గడిచింది కాబట్టి ఇప్పుడు రాస్తే నిజంగా రివ్యూ అవుతుంది, వేయించిన వారానికి రాస్తే అది ముచ్చటే. షాపు పేరు రాయట్లేదు, వాళ్ళతో మంచీ ఉంది చెడూ ఉంది.

టైల్స్ సంగతికి ముందు నెమ్ము సంగతి చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మా సింకు వైపు గోడకి అవతల బాత్రూం. టైల్స్ పైన పెయింటు ప్రతి ఆగస్టుకీ పొక్కులొచ్చి, వేలు పెడితే తెల్లటి పొడి రాలేది. హుద్‌హుద్ తుపాను, 2014 అక్టోబర్ 12, ఆ రోజు కిటికీలోంచి కొట్టిన వానకి గోడ తాగిన నీళ్ళే ఇంకా బయటికి వస్తున్నాయని మా ఆయన పదేళ్ళపాటు అందరికీ చెప్పారు. అపార్ట్‌మెంట్ పెయింటరేమో రెండుసార్లు గీకి పుట్టీ పెట్టి రంగు వేసి డబ్బులు పట్టుకెళ్ళాడు. చివరికి ప్లంబర్ని పిలిస్తే గోడ లోపల పైపు ఎల్బో దగ్గర సన్నగా కారుతోందని తేలింది. నీళ్ళు గోడలోంచి బయటికొచ్చి ఆరిపోయేటప్పుడు లోపలి ఉప్పుని మోసుకొచ్చి పైన వదిలేస్తాయి, ఆ పొడి అదే, దాని మీద ఎంత ఖరీదు పుట్టీ పెట్టినా పెంకులా ఊడిపోతుంది. పైపు మార్పించి, ప్లాస్టరింగు కొట్టించి, మూడు వారాలు ఫ్యాను పెట్టి ఆరబెట్టాం. ఆరిందో లేదో చూడ్డానికి మేస్త్రి చెప్పిన చిట్కా ఒకటి భలే పనికొచ్చింది: పాల ప్యాకెట్ కవరు కోసి కడిగి తుడిచి, గోడ మీద పరిచి, నాలుగు వైపులా బ్రౌన్ టేపు గాలి చొరకుండా అంటించి ఓ రాత్రంతా వదిలేయడం. పొద్దున్న లోపలివైపు నీటి చుక్కలు పట్టుంటే ఇంకా తడి ఉన్నట్టే. మాకు మొదటి రెండు వారాలూ చుక్కలు పట్టాయి, మూడో వారానికి పొడిగా వచ్చింది, అప్పుడు మొదలెట్టాం.

ఇక షాపులు. గాజువాక వైపు ఒకటి, ఎన్‌ఏడీ దగ్గర ఒకటి, కొమ్మాది దగ్గర హైవే మీద ఒకటి తిరిగాను. ఏ షాపులో ఏ పెట్టె తిప్పి చూసినా పక్కన మోర్బీ, గుజరాత్ అనే ఉంది, కాబట్టి మాది ఫలానా స్పెషల్ అంటే నేను పెద్దగా పట్టించుకోలేదు. మొదటి షాపాయన ఫ్రిజ్ మీద చెయ్యేసినట్టు ఓ టైలు మీద చెయ్యేసి "మేడమ్, ఇప్పుడంతా మ్యాటే నడుస్తోంది, గ్లాసీ ఓల్డ్ అయిపోయింది" అన్నాడు. శాంపిల్ ఇవ్వండి ఇంటికి తీసుకెళ్ళి చూస్తానంటే ఇవ్వం, ఫోటో తీసుకోండి అన్నాడు. షోరూం లైట్ల కింద తీసిన ఫోటోలో నాకేం కనిపిస్తుంది, మా వంటింట్లో ఉన్నది ఉత్తరం వైపు కిటికీ ఒక్కటి. కొమ్మాది షాపువాళ్ళు మాత్రం 300 డిపాజిట్ కట్టించుకుని నాలుగు ముక్కలిచ్చారు, పనైపోయాక టైల్స్ కొనకపోయినా ముక్కలు తెచ్చిస్తే డబ్బు వెనక్కిస్తామన్నారు. ఈ ఒక్క కారణంతోనే చివరికి అక్కడే కొన్నాను.

ఆ ముక్కలు బాల్కనీలో వరసగా పేర్చి ఒక్కోదాని మీద నాలుగు బొట్లు పెట్టాను: పసుపు కలిపిన నూనె, ఆవకాయ ఊట, టీ డికాక్షను, చింతపండు పులుసు. మా అత్తగారు చూసి "పెళ్ళిచూపులకి బొట్టు పెడుతున్నావేంటమ్మా టైల్స్‌కి" అన్నారు. ఓ రాత్రి వదిలేసి పొద్దున్న ముందు ఉత్త తడిగుడ్డతో, తర్వాత గిన్నెల సబ్బుతో తుడిచా. గ్లాసీది తడిగుడ్డకే వచ్చేసింది, ఆవకాయ నూనెకి మాత్రం సబ్బు కావాల్సొచ్చింది. సాటిన్ అంటారు, కొంచెం మెరుపు తక్కువది, అది సబ్బుకి పోయింది కానీ రెండుసార్లు రుద్దాలి. పైకి గరుగ్గా రాయిలా ఉండే రస్టిక్ ముక్కలో గుంటల్లో పసుపు అలాగే కూర్చుండిపోయింది, పక్కకి వంచి చూస్తే చిన్న చిన్న పసుపు చుక్కలు, మల్లెపువ్వు పుప్పొడిలాగ. నాలుగోది మార్బుల్ ముక్క, చూడ్డానికి అన్నింటికన్నా బాగుంది నిజం చెప్పాలంటే, కానీ చింతపండు బొట్టు పెట్టిన చోట మెరుపు పోయి రూపాయి బిళ్ళంత మచ్చ పడింది, అది మరక కూడా కాదు, పులుపు రాయిని తినేసింది, ఇక ఏం రుద్దినా రాదు, పాలిష్ పట్టించుకోవాల్సిందే. మన ఇళ్ళల్లో పులుసు, నిమ్మకాయ, మజ్జిగ లేని రోజుండదు, కాబట్టి వంటగట్టు వెనక మార్బుల్ నాకైతే వద్దు.

రస్టిక్ ముక్కని అలాగే ఎండలో వదిలేస్తే మూడు రోజులకి పసుపు చాలావరకు వెలిసిపోయింది, పసుపు మరక పడ్డ చీర ఎండలో వేస్తే పోయినట్టే. కానీ వంటింటి గోడని ఎండలో వెయ్యలేం కదా.

ఇక్కడ నాకు అర్థమైంది ఏంటంటే పైన గాజులాంటి నున్నటి పూత (గ్లేజు) ఉన్న టైలు ఏదైనా దాదాపు సరిపోతుంది, గొడవంతా సందులదే. దీనికో చిన్న లెక్క వేశాను. మాకు టైల్స్ వేయాల్సిన గోడ మొత్తం 40 చదరపు అడుగులు: ఎల్ ఆకారం గట్టు 8 అడుగులు ప్లస్ 6 అడుగులు, రెండడుగుల ఎత్తుకి 28, స్టవ్ వెనక పైన అల్మారా లేదు కాబట్టి అక్కడ నాలుగడుగుల వెడల్పున ఇంకో మూడడుగులు పైకి, అది 12. ఇప్పుడందరూ అడిగే ఆ చిన్న ఇటుక టైల్స్, 3 బై 6 అంగుళాలవి, అవి వేస్తే ఈ గోడలో సందుల పొడవు కలిపితే సుమారు 240 అడుగులు. అదే 1 బై 2 అడుగుల టైలైతే 60 అడుగులు. 2 బై 4 అయితే 30. అంటే ఇటుక టైల్స్ వేయించుకుంటే నా టూత్‌బ్రష్ నాలుగింతలు నడవాలి! మా పెద్దమ్మాయి ఫోన్‌లో చూపించి ఇవే కావాలని గోలపెట్టింది, సరే నెలకోసారి నువ్వు తోముతావా అన్నాను, మళ్ళీ మాట్లాడలేదు.

మరి 2 బై 4 ఎందుకు వేసుకోలేదూ అంటే మా పాత గోడ తిన్నగా లేదు, నాలుగడుగుల పట్టీ పెట్టి చూస్తే మధ్యలో దాదాపు అర అంగుళం లోపలికి ఉంది, పెద్ద టైలు అలాంటి గోడ మీద ఓ మూల లేచి కూర్చుంటుంది. ప్లగ్గు పాయింట్ల దగ్గర కోతలు కూడా ఎక్కువ, ఒక్క కోత తేడా వస్తే అంత పెద్ద ముక్కా చెత్తలోకే. అందుకని 1 బై 2 గ్లాసీ సిరామిక్, లేత బూడిద రంగు. తెలుపు కావాలనుకున్నా గానీ తెలుపులో తాలింపు చిటపటలు ప్రతిదీ కనిపిస్తాయి, ముదురు రంగులో మా బోరు నీళ్ళ తెల్ల చుక్కలు కనిపిస్తాయి, బూడిద రంగులో రెండూ కాస్త దాక్కుంటాయి. మా చెల్లెలు పెందుర్తిలో గట్టుకి వేసిన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌నే గోడకి కూడా ఎక్కించింది, సందులు రెండే రెండు, పులుపుకి ఏం కాదు, ఇరవై ఏళ్ళు తిరిగి చూసుకోనక్కర్లేదు, కానీ చిన్న వంటిల్లు గుహలా అయిపోయింది, పగలు కూడా లైటు వేసుకుని వండుతుంది, పైగా నీటి మరకలు. పెద్ద కిటికీ ఉన్నవాళ్ళకి మాత్రం అదే మంచి పని అంటాను.

అందరూ అడిగే పీవీసీ ప్యానెల్స్, అంటే గోడకి కొట్టే ప్లాస్టిక్ పలకల గురించి. మా పై ఫ్లాటువాళ్ళు ఒక్క రోజులో వేయించేశారు, దుమ్ము లేదు ధూళి లేదు, చూడ్డానికి బాగుంది. నాలుగు నెలలకి స్టవ్ వెనక ప్యానెల్ పొట్టలా ఉబ్బింది. పీవీసీ 80 డిగ్రీల దగ్గరికే మెత్తబడుతుంది, పెద్ద మంట మీద కడాయి పెట్టి కోనాం చేప ముక్కలు వేయిస్తుంటే వెనక గోడకి అంత వేడి తగలడం పెద్ద విషయం కాదు. ఇంకోటి, ప్యానెల్‌కీ గోడకీ మధ్య ఖాళీలో బొద్దింకలు పూర్తి స్థాయి కాలనీ కట్టేశాయి. హాల్లో, బెడ్రూంలో వేసుకోండి, స్టవ్ దగ్గర వద్దు. గాజు వేయించుకున్న ఫ్రెండు ఒకామె మధురవాడలో ఉంది, వెనక రంగు వేసిన టఫెన్డ్ గ్లాసు, అంటే కాల్చి గట్టిపరిచిన గాజు, సందే లేదు, ఒక్క తుడుపుకి అద్దం. కానీ టఫెన్డ్ చేశాక దానికి కన్నం పెట్టడం కుదరదు, ముందే కొలిచి కోయించాలి. వాటర్ ప్యూరిఫైయర్ ప్లగ్గు కన్నం చెప్పడం మర్చిపోయింది, ఇప్పుడు వైరు గాజు పైనుంచి చుట్టూ తిరిగి వస్తుంది, వెళ్ళినప్పుడల్లా చూసి నవ్వుకుంటాం. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళైతే స్టవ్ వెనక స్టీలు రేకు కొట్టించుకోవచ్చు, ఖాళీ చేసేటప్పుడు పట్టుకెళ్ళిపోవచ్చు, అయితే 202 రకం కాకుండా 304 అడగండి, మన సముద్రం గాలికి 202 మీద తుప్పు చుక్కలు తొందరగా వస్తాయి, 304 నయం, అదైనా బీచ్ దగ్గరుంటే తుడుస్తూ ఉండాలి.

పాత టైల్స్ మీదే కొత్తవి అంటించేయమని కూడా సలహా వచ్చింది. దుమ్ము తప్పుతుంది నిజమే, కానీ స్విచ్ బోర్డులు లోపలికి పోతాయి, గట్టు వెడల్పు అర అంగుళం తగ్గుతుంది, అన్నిటికన్నా ముందు పాతవి గట్టిగా ఉండాలి. రూపాయి బిళ్ళతో కొట్టి చూస్తే మావి సగం డొల్ల, డబ్బా వాయించినట్టు. కొట్టించేశాం. మూడో అంతస్తు నుంచి పదకొండు గోనె సంచుల రబ్బిష్ దింపారు, లిఫ్టులో వద్దన్నారు అసోసియేషన్‌వాళ్ళు.

మేస్త్రి విజయనగరం వైపు మనిషి, పనిమంతుడే, చెయ్యి నిలకడ, కానీ అంతా పాత పద్ధతి. నేను టైల్ అడ్హెసివ్ (టైల్స్ అంటించే జిగురు పొడి) బస్తాలు తెప్పిస్తే "ఏటమ్మా ఇది, ముప్పయ్యేళ్ళ నుంచి సిమెంటుతోనే ఎడుతన్నాం, ఒక్కటి ఊడిందా" అన్నాడు. ఊడలేదు గానీ సగం డొల్లగా ఉన్నాయి కదా బాబూ అన్నాను. సిమెంటు ముద్ద మధ్యలో వేసి నొక్కితే మూలలు ఖాళీగా ఉండిపోతాయి, అడ్హెసివ్‌ని పళ్ళున్న తాపీతో గీతలు గీతలుగా పరిచి నొక్కితే టైలు మొత్తం పట్టుకుంటుంది. సిరామిక్‌కి సిమెంటైనా నడుస్తుంది, నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి. విట్రిఫైడ్‌కి, అంటే బాగా ఎక్కువ వేడిలో కాల్చి గట్టిపరిచిన టైలుకి మాత్రం అడ్హెసివ్ తప్పనిసరి, అది నీళ్ళు అర శాతం కూడా పీల్చదు, సిమెంటు పట్టుకోడానికి దానికేం దొరకదు. బస్తా మీద ఐఎస్ 15477 అని ప్రమాణం నంబరు, పక్కన టైపు నంబరు ఉంటుంది, మీ టైలుకి ఏ టైపో షాపులో అడిగి తీసుకోండి. సరే ఒప్పుకున్నాడు, నేను ఫోన్ వస్తే హాల్లోకి వెళ్ళి వచ్చేసరికి రెండు పనులు చేసేశాడు: టైల్స్ అన్నీ బకెట్లో నానబెట్టాడు, అడ్హెసివ్‌లో ఓ తట్ట సిమెంటు కలిపాడు, "బలం కోసం". నానబెట్టడం సిమెంటు పనికి, అడ్హెసివ్ పనికి పొడి టైలే ఉండాలి, అందులో సిమెంటు కలపకూడదని బస్తా మీదే రాసుంది. తడిసినవి తీసి తుడిచి ఆరబెట్టించాను, కలిపిన ముద్ద పారేయించాను, ఆ పూటంతా మొహం మాడ్చుకుని పనిచేశాడు పాపం, సాయంత్రం పకోడీ పెడితే మామూలయ్యాడు.

టైల్స్ మధ్య సందుల్లో నింపే ముద్దని గ్రౌట్ అంటారు, అందులో ఎపాక్సీ గ్రౌట్ అసలు హీరో, అసలు తలనొప్పి కూడా అదే. రెజిన్, హార్డెనర్, పొడి, మూడూ కలిపితే గట్టిపడుతుంది, నీళ్ళు తాగదు, నూనె తాగదు. మామూలు గ్రౌటూ ఇదీ రెండూ పాత టైలు ముక్క మీద పూసి ఆరాక అదే పసుపు నూనె పెట్టి చూశాను, మామూలుది ముద్దపసుపు కొమ్ములా అయిపోయింది, ఎపాక్సీ మీద లేత నీడ మిగిలి రెండు తుడుపులకి పోయింది. కానీ కలిపాక టైము తక్కువ. మా మేస్త్రి కిలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలిపేశాడు, ముప్పావుగంటకి గిన్నెలో సగం రాయైపోయింది, ఆ సగం డబ్బు గంగలో. సందులు నింపిన వెంటనే తడి స్పాంజితో టైలు మీద అంటింది తుడిచేయాలి, టీకి వెళ్ళొచ్చి తుడుస్తానన్నాడు, స్టవ్ పక్కన ఆరు టైల్స్ మీద తెల్లటి పొర పట్టేసింది, చూస్తే అద్దం మీద ఊపిరి వదిలినట్టు. రెండు రోజులు స్క్రబ్బర్ పెట్టి నేనే గీకాను, ఇప్పటికీ సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే ఒక టైలు మీద కనిపిస్తుంది. మీరు చేయిస్తే పావుకిలో, పావుకిలో చొప్పున కలపమనండి, పక్కన నిలబడండి.

డబ్బు లెక్క: టైల్స్ చదరపు అడుగు 48, పెట్టెకి 5 టైల్స్ అంటే 10 అడుగులు, 5 పెట్టెలు, 2400. అడ్హెసివ్ 2 బస్తాలు 1100. ఎపాక్సీ 2 ప్యాకెట్లు 900. మేస్త్రి, హెల్పరు మూడు రోజులు 6000, ఎపాక్సీ పనికి విడిగా 1500. మొత్తం 11,900, పాతవి కొట్టించింది, ప్లంబరుది కాకుండా. చూశారా, ఇందులో టైల్స్ ఐదో వంతే! షాపులో నేను అడుగుకి పది రూపాయల కోసం గంట బేరమాడాను, తగ్గినా మిగిలేది 500. ఆ గంట మేస్త్రికి బస్తా మీద రాసింది చదివి వినిపించుంటే బాగుండేది.

టైల్స్ పైన సీలింగుదాకా వాషబుల్ ఎమల్షన్, సాటిన్ ఫినిష్, పుట్టీ కూలీతో సహా 4500. మ్యాట్ పెయింట్ వంటింటికి వద్దు, తుడిచిన చోట మెరుపు మచ్చ పడుతుంది. ఆయిల్ పెయింటు కడగడానికి బాగుంటుంది కానీ తెల్లది వేస్తే కొన్నాళ్ళకి పసుపెక్కిపోతుంది, మా పాత ఇంట్లో చూశాం.

షాపుకి 5కి మూడున్నర. శాంపిల్స్ ఇచ్చారు, డిపాజిట్ మాట తప్పకుండా వెనక్కిచ్చారు, అక్కడి కుర్రాడు "ఇది వంటింటికి వద్దు మేడమ్, బయట ఎలివేషన్‌కి పనికొస్తుంది" అని ఖరీదైన టైలుని తనే వద్దన్నాడు, అలాంటివాళ్ళు అరుదు. తగ్గించింది ఎందుకంటే రేటు చెప్పేటప్పుడు అన్నీ కలిపే అని, బిల్లు దగ్గర జీఎస్టీ 18 శాతం విడిగా అన్నారు, వాదిస్తే తీసేశారు. ఇంకోటి, ఐదు పెట్టెల్లో ఒకటి వేరే బ్యాచ్. పెట్టె పక్కన బ్యాచ్, షేడు నంబర్లు ఉంటాయి, ఆటోలో ఎక్కించేటప్పుడు చూశాను కాబట్టి సరిపోయింది, మార్చి ఇచ్చారు. ఇంటికొచ్చి గోడ మీద పెట్టాక చూసుంటే ఓ వరస లేతగా ఓ వరస ముదురుగా ఉండేది. మేస్త్రికి నాలుగు, ఆ తెల్ల పొర లేకపోతే నాలుగున్నర.

ఆరు నెలల్లో స్టవ్ వెనక సందులు వేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, రాత్రి గట్టు తుడిచిన గుడ్డతోనే గోడ కూడా ఒక్కసారి తుడిచేస్తున్నాను, టూత్‌బ్రష్ బయటికి తీయలేదు. సింకు వైపు పొక్కులు ఈ వానలకి రాలేదు. తేడా వచ్చింది ఒక్క చోటే: గట్టు గ్రానైట్‌కీ టైలుకీ కలిసే మూలలో గ్రౌట్ కాకుండా రబ్బరులా సాగే సిలికాన్ పెట్టాలి, ఆ రెండూ వేడికి వేర్వేరుగా కదులుతాయి కాబట్టి గట్టి గ్రౌట్ అక్కడ చీలుతుంది. పెట్టించాను, కానీ మేస్త్రి మామూలు రకం పెట్టేశాడు, సింకు పక్కన అడుగు మేర నల్లటి బూజు చుక్కలొచ్చాయి. దీపావళిలోపు అది బ్లేడుతో కోసి యాంటీ ఫంగల్ రకం వేయించాలి, 300 రూపాయల ట్యూబు. మిగిలిన మూడు టైల్స్ మంచం కింద దాచాను, ఎప్పుడైనా ఒకటి పగిలితే పనికొస్తాయని. రెండే ఉన్నాయి ఇప్పుడు, మూడోదాని మీద మా అత్తగారు వేడి గిన్నెలు దింపుకుంటున్నారు.